నాన్న పోస్టింగ్, అక్క సీటు

మా ఇంట్లో ఆరు నల్ల ట్రంకు పెట్టెలు ఉన్నాయి. వాటి మీద తెల్ల రంగుతో నాన్న పేరు, సర్వీసు నంబరు రాసి ఉంటాయి. వైమానిక దళం వాళ్ళ ఇళ్ళు చూసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. 2023లో జోర్హాట్ నుంచి ఢిల్లీ వచ్చాక వాటిలో ఒక పెట్టెను ఇప్పటిదాకా తెరవలేదు. "మళ్ళీ కట్టేదే కదా" అంటుంది అమ్మ. అందులో ఏముందో ఇప్పుడు ఆమెకే సరిగ్గా గుర్తు లేదు.

ఈ ఏడాది వేసవి సెలవుల తర్వాత మా అక్క ఢిల్లీ విశ్వవిద్యాలయమా, బనారస్ హిందూ విశ్వవిద్యాలయమా తేల్చుకోవలసి వచ్చింది. ఇంట్లో అందరూ అన్నీ మాట్లాడారు గానీ ఆ పెట్టె సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే సగం వాదన అప్పుడే తేలిపోయేది. అందుకే ఇది రాస్తున్నాం. మాలో ఒకరం పదకొండో తరగతి, ఒకరం ఎనిమిదో తరగతి. పెద్ద విషయాల్లో సలహాలు చెప్పే వయసు కాదని అనుకుంటారేమో. కానీ బదిలీల విషయంలో మన అనుభవం తక్కువేమీ కాదు. మాలో చిన్నవాడికే ఇది నాలుగో కేంద్రీయ విద్యాలయం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. బదిలీ ఉద్యోగం చేసేవాళ్ళ పిల్లలు విశ్వవిద్యాలయం ఎంచుకునేటప్పుడు, అమ్మానాన్నలు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారన్నది లెక్కలోంచి తీసేయాలి. అది తీసేశాకే రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

అసలు ఏం జరిగిందంటే, అక్క మానవీయ శాస్త్రాలు తీసుకుని పన్నెండు పాసైంది. చరిత్ర అంటే ప్రాణం. బీదర్‌లో ఉన్నప్పుడు కోట గోడల మీద కూర్చుని మాకు బహమనీ సుల్తానుల కథలు చెప్పేది. సగం తనే కల్పించేదని మా అనుమానం. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష ఉందని మీకు తెలుసు. పరీక్ష ఒకటే కానీ సీటు కోసం ప్రతి విశ్వవిద్యాలయానికీ విడివిడిగా దరఖాస్తు చేయాలి. ఢిల్లీలో అయితే ఏ కళాశాల, ఏ కోర్సు అన్నది జతలు జతలుగా వరుసలో పెట్టుకోవాలి. ఆ వరుసకు గడువు ఉంటుంది. సీటు వచ్చాక ఒప్పుకోవడానికి కూడా కొద్ది రోజులే ఇస్తారు. అక్క జాబితా రాసేటప్పుడు ఇంట్లో అందరూ ఆమె వెనకే నిలబడి, భుజం మీద నుంచి తొంగి చూశారు. కనక అది అక్క జాబితా అనుకోవడం పూర్తిగా నిజం కాదు.

ముందు ఢిల్లీ సీటు వచ్చింది. శ్రీ వెంకటేశ్వర కళాశాలలో చరిత్ర ఆనర్స్. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు పెట్టిన కళాశాల. పిల్లలంతా ముద్దుగా వెంకీ అంటారు. ధౌలా కువా దగ్గర ఉంది. మా క్వార్టర్స్ నుంచి బస్సులో పదిహేను నిమిషాలు. అక్కడి మెట్రో స్టేషనుకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అని పేరు. రాజమండ్రిలో పుట్టిన ఆవిడ పేరు ఢిల్లీ మెట్రో పటం మీద చూసినప్పుడల్లా అమ్మకు భలే సంతోషం. తెలుగువాళ్ళ కాలేజీ, తెలుగావిడ పేరున్న స్టేషను, ఇంటి భోజనం. ఇంకేం కావాలి? అదే రోజు ఫీజు కట్టేశారు.

తర్వాత కొద్ది రోజులకు బనారస్ సీటు వచ్చింది. ప్రాంగణంలోనే ఉన్న మహిళా మహావిద్యాలయలో బి.ఏ. అక్క ఆ కబురు చెప్పిన తీరు చూస్తే మాకు అర్థమైపోయింది. గట్టిగా చెప్పలేదు. అన్నం తింటూ, పెరుగు అందుకుంటూ చెప్పింది. ఆమెకు నిజంగా కావలసిన సంగతులు ఎప్పుడూ అలాగే చెబుతుంది.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. తెనాలి నుంచి నాయనమ్మ, "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మా కాలంలో అనేవారే" అంది. (ఆవిడే రెండు నిమిషాల తర్వాత, పిల్ల అక్కడే ఉంటే తనూ ఒకసారి వచ్చి గంగలో మునిగి వెళ్ళొచ్చా అని అడిగింది. ఆంధ్రాశ్రమంలో గది దొరుకుతుందేమో కనుక్కోమంది కూడా.) హైదరాబాదు నుంచి బాబాయి ర్యాంకులు చూసి చెప్పాడు. ఎన్ఐఆర్ఎఫ్ వాళ్ళ 2024 పట్టికలో విశ్వవిద్యాలయాల్లో బనారస్ అయిదు, ఢిల్లీ ఆరు. కాబట్టి బనారస్. సెప్టెంబరులో 2025 పట్టిక వచ్చింది. ఈసారి ఢిల్లీ అయిదు, బనారస్ ఆరు. బాబాయి మళ్ళీ ఫోన్ చేసి "తొందరపడ్డామేమోరా" అన్నాడు. ఆ ఏడాదిలో అక్కడ ఉన్న గ్రంథాలయాలు మారలేదు, పాఠం చెప్పేవాళ్ళు ఊళ్ళు మారలేదు. ఇంత దగ్గరగా ఉన్న రెండిటి మధ్య ఒక్క మెట్టు తేడాతో పద్దెనిమిదేళ్ళ పిల్ల బతుకు తేల్చడం ఏమిటని మాకు అప్పుడే అనిపించింది, కానీ బాబాయితో అనలేదు.

పెద్దమ్మ ఇంకో మాట అంది. "ఈ రెండూ ఎందుకు, మన ఊరి దగ్గర చదవొచ్చుగా? ఆంధ్రా యూనివర్సిటీకి ఏం తక్కువ?" ఏమీ తక్కువ కాదు. 1926 నాటిది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మొదట దానికి, తర్వాత బనారస్‌కు ఉపాధ్యక్షులుగా చేశారు. కానీ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో స్థానికత అని ఒకటి ఉంది. ఎక్కువ సీట్లు స్థానికులకే. ఆ స్థానికత ఎక్కడ పుట్టావన్నదాన్ని బట్టి కాదు, వరుసగా ఎక్కడ చదివావన్నదాన్ని బట్టి చూస్తారు. బీదర్, జోధ్‌పూర్, జోర్హాట్, ఢిల్లీ. ఇదీ అక్క చదువు వరుస. తెనాలి మా ఊరని మేము ఎంత గట్టిగా చెప్పినా, కాగితాల ప్రకారం అక్క తెనాలికి చుట్టపు చూపుగా వచ్చిపోయే పిల్లే. నియమాల్లో కొందరికి మినహాయింపులూ ఉంటాయి, కనక మీరు మీ కాగితాలు పెట్టుకుని ముందే కనుక్కోండి. ఈ రెండు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో మాత్రం డిగ్రీ సీటుకు నీది ఏ రాష్ట్రం అని మామూలుగా అడగరు. మనలాంటివాళ్ళం ఎక్కువమంది అటే చూడడానికి అదొక కారణం.

ఇంతవరకూ వచ్చిన సలహాలన్నీ ఒకెత్తు, మా ఇంట్లో ఉన్న అసలు కారణం ఒకెత్తు. "ఇల్లు ఇక్కడే ఉండగా పిల్లను హాస్టల్లో ఎందుకు పెట్టడం?" ఇది అమ్మ మాట. దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు. అక్క దగ్గర కూడా లేదు. ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ రాత్రి మాలో చిన్నవాడు లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో ఒక గీత గీశాడు. మీద 2025 నుంచి 2029 వరకు ఏళ్ళు. ఇప్పుడు డిగ్రీ నాలుగేళ్ళు, మూడేళ్ళకు బయటకు రావచ్చు. గీత కింద నాన్న పోస్టింగ్. ఢిల్లీకి వచ్చింది 2023. మా ఇంట్లో ఏ పోస్టింగూ నాలుగేళ్ళు దాటలేదు. బీదర్ మూడు, జోధ్‌పూర్ నాలుగు, జోర్హాట్ మూడు. ఎటు చూసినా 2027కు మేము ఢిల్లీలో ఉండం. అంటే అక్క నాలుగేళ్ళలో రెండేళ్ళే ఇంటి భోజనం. మిగతా రెండేళ్ళు ఢిల్లీలో ఒంటరిగా, ఏదో ఒక గదిలో. "ఇల్లు ఇక్కడే ఉంది" అన్న మాట రెండేళ్ళకు చెల్లిపోయే మాట.

మనకు ఇది తట్టకపోవడానికి ఒక కారణం ఉంది. కేంద్రీయ విద్యాలయం మనకు అలవాటు చేసిన పద్ధతే అది. ఎక్కడికి వెళ్ళినా అదే ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకం, అదే ఉదయం ప్రార్థన, అదే యూనిఫాం. జోధ్‌పూర్‌లో సగంలో ఆపిన పాఠం జోర్హాట్‌లో తర్వాతి పేజీ నుంచి మొదలవుతుంది. నవంబరులో బదిలీ అయినా టీసీ తీసుకుని వెళ్తే చేర్చుకుంటారు. ఒకటో తరగతిలో చేరేటప్పుడైతే గత ఏడేళ్ళలో నాన్నకు ఎన్ని బదిలీలైతే అంత ప్రాధాన్యం! బదిలీ మనకు అర్హత. విశ్వవిద్యాలయంలో అలా ఉండదు. ఢిల్లీలో రెండేళ్ళు చదివి, మిగతా రెండేళ్ళు నాన్నతో పాటు ఇంకో ఊళ్ళో చదువుతానంటే అంత సులువుగా కుదరదు. బడి మన వెనక వచ్చింది. విశ్వవిద్యాలయం రాదు.

ఆ నోటుపుస్తకం పేజీ మరునాడు పొద్దున టీ దగ్గర నాన్న ముందు పెట్టాం. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత మాకు తెలియని సంగతి ఒకటి చెప్పాడు.

వచ్చే ఏడాది పోస్టింగుకు మూడు చోట్లు రాసి ఇవ్వమన్నారట. మొదటి చోట సూర్యలంక రాద్దామని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. బాపట్ల పక్కనే ఉంది ఆ స్టేషను. అక్కడి నుంచి తెనాలి రైల్లో గంట లోపే. తాతయ్య పోయాక నాయనమ్మ ఒక్కతే ఉంటోంది. మోకాళ్ళ నొప్పులు, రెండుసార్లు స్నానాల గదిలో పడింది కూడా. అలాంటిది, అక్కకు వెంకటేశ్వరలో సీటు వచ్చిన రోజే సూర్యలంక మాట పక్కన పెట్టి, ఢిల్లీలోనే ఇంకో రెండేళ్ళు పొడిగించమని అడగాలని నిర్ణయించుకున్నాడట. ఎవరికీ చెప్పలేదు. "ఇంకా ఆర్డరు రాలేదు కదా, చెప్పేదేముంది" అన్నాడు.

తలుపు దగ్గర నిలబడి అక్క అంతా వింది. "నాన్నా, నా కోసం నాయనమ్మను వదిలేస్తావా?" అంది. నాన్న ఏమీ అనలేదు. అమ్మ స్టవ్ దగ్గరకు వెళ్ళి, అప్పటికే ఆపిన స్టవ్‌ను మళ్ళీ ఆపింది.

ఇక్కడ మా మాట కొంచెం గట్టిగానే చెబుతాం. పెద్దవాళ్ళు మన మంచికే ఇలాంటివి దాస్తారు. కానీ పోస్టింగ్ సంగతి దాచి పిల్లల చేత విశ్వవిద్యాలయం ఎంచుకోమనడం, సగం ప్రశ్న మడతపెట్టి పరీక్షపత్రం ఇచ్చినట్టే. ఆర్డరు రాలేదు, నిజమే. ఎక్కడికో తెలియదు, అదీ నిజమే. కానీ ఎప్పుడు కదులుతామో ప్రతి ఇంట్లోనూ దాదాపుగా తెలుసు. అంతవరకు చెప్పినా చాలు. పన్నెండో తరగతి పిల్లలు ఉన్న ప్రతి బదిలీ కుటుంబంలోనూ దరఖాస్తు నింపకముందే ఒకసారి కూర్చుని, ఈ నాలుగేళ్ళ గీత గీసుకోవాలని మా విన్నపం.

ఆ రోజు నుంచి మేము ఇల్లు లేని ఢిల్లీని, ఇల్లు లేని బనారస్‌ను పక్కపక్కన పెట్టాం. అప్పుడు కనిపించినవి వేరు.

ముందుగా, పెద్ద విశ్వవిద్యాలయం అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1922లో మొదలైంది. అప్పటికే ఉన్న సెయింట్ స్టీఫెన్స్, హిందూ, రాంజస్ అనే మూడు కళాశాలలను కలిపి మొదలుపెట్టారు. ఇప్పుడు కళాశాలలు తొంభై దాకా ఉన్నాయి, నగరమంతా పరుచుకుని. పాఠ్యక్రమం ఒకటే, పరీక్షపత్రం ఒకటే. కానీ రోజూ వెళ్ళేది, స్నేహితులు దొరికేది ఆ ఒక్క కళాశాల గేటు లోపలే. బనారస్ అలా కాదు. 1916లో మాలవీయ గారు ఒకే చోట కట్టించిన ఊరు అది. 1300 ఎకరాలు. అర్ధచంద్రాకారంలో రోడ్లు, వాటి వెంట వేర్వేరు విభాగాలు, హాస్టళ్ళు, ఆసుపత్రి, గుడి, పొలాలు. సాయంత్రం నాలుగింటికి ఢిల్లీ కళాశాల ఖాళీ అవుతుంది. ఎవరి మెట్రో వాళ్ళెక్కి ఇళ్ళకు వెళ్తారు. ఇల్లు లేని పిల్ల పీజీ గదికి వెళ్తుంది. బనారస్‌లో నాలుగింటికి క్లాసులే అయిపోతాయి.

ఇది మనకు చిన్న విషయం కాదు. బదిలీ పిల్లలకు క్లాసులో స్నేహితులు ఎప్పుడూ త్వరగానే దొరుకుతారు. పక్క బెంచీ వాళ్ళతో ఎలా మాటలు కలపాలో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కష్టమంతా సాయంత్రాల్లోనే. కొత్త ఊళ్ళో మొదటి నెలల సాయంత్రాలు ఎలా ఉంటాయో మీ అందరికీ తెలుసు. కాబట్టి ఒక విశ్వవిద్యాలయం గురించి అడగవలసిన వాటిలో, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా అక్కడ పిల్లలు ఎక్కడ ఉంటారన్న ప్రశ్న ముందు వరుసలో ఉండాలి. వెబ్‌సైటులో ఇది ఉండదు. అక్కడ చదువుతున్న సీనియర్లను అడగాలి. మన విద్యాలయాల పూర్వ విద్యార్థులు ప్రతి పెద్ద విశ్వవిద్యాలయంలోనూ ఎవరో ఒకరు ఉంటారు. అక్కకు జోర్హాట్ బడి సీనియర్ ఒకామె బనారస్‌లో దొరికింది. ఆమెతో గంటన్నర మాట్లాడింది. హాస్టల్ అందరికీ మొదటి రోజే దొరకదనీ, గేటు వేళలు అడిగి తెలుసుకోమనీ, క్లాసులో సగం హిందీలోనే సాగుతుందనీ చెప్పింది. హిందీ సంగతి విని అమ్మ కంగారుపడింది గానీ, అక్క నవ్వింది. మనకు హిందీతో భయమేముంది, తెలుగుతోనే గానీ.

ఢిల్లీ వైపు సత్యనికేతన్ వెళ్ళాం. వెంకటేశ్వర కళాశాల పిల్లలు ఎక్కువగా ఉండే పేట. ఒక ఆదివారం అమ్మ, అక్క, మేము నాలుగు పీజీలు ఎక్కి దిగాం. కిటికీ ఉన్న గదికి ఒక ధర, లేని గదికి ఒక ధర. కిటికీ లేని గది ధర విన్నప్పుడు కూడా అమ్మ బయటకు వచ్చి మంచినీళ్ళు తాగింది. ఆ అద్దె కట్టలేమని కాదు. కానీ 2027 తర్వాత కట్టవలసింది అదేనని 2025లోనే కళ్ళారా చూడడం మంచిదైంది.

ఢిల్లీకి ఉన్న బలాలు తక్కువేమీ కావు. చరిత్ర చదివే పిల్లకు జాతీయ మ్యూజియం, జాతీయ అభిలేఖాగారం రెండూ మెట్రో దూరంలోనే. ఎక్కడో ఒకచోట రోజూ ఎవరో ఒక పెద్ద పండితుడి ఉపన్యాసం ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి కూడా మెట్రోలో ఆడపిల్లలు ఒంటరిగా తిరగగలరు, అది చిన్న స్వేచ్ఛ కాదు. మాలో చిన్నవాడైతే ఆంధ్రా భవన్ భోజనం ఒక్కదాని కోసమే ఢిల్లీకి ఓటు వేశాడు. నిజంగానే వేశాడు, చీటీ మీద రాసి. ఇది చదువుతున్న మీకు వాణిజ్యమో, అర్థశాస్త్రమో ఇష్టమైతే, లేక చదువుతో పాటు ఏదైనా పనిలో అనుభవం కావాలంటే, ఇల్లు ఉన్నా లేకపోయినా ఢిల్లీయే సరైనది కావచ్చు. మేము బనారస్ పక్షం వహించడం లేదు.

అక్క తేల్చుకున్నది మాత్రం చదువు దగ్గరే. బనారస్‌లో చరిత్ర విభాగం కాక, ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రం అని ఇంకో విభాగం ఉంది. 1960లలో ఆ విభాగం వాళ్ళే కాశీలోని రాజ్‌ఘాట్‌లో తవ్వకాలు జరిపారు. ప్రాంగణంలోనే భారత్ కళా భవన్ మ్యూజియం. నగరానికి పది కిలోమీటర్లలో సారనాథ్, అక్కడి మ్యూజియంలో నాలుగు సింహాల అసలు స్తంభశీర్షం. మన జాతీయ చిహ్నం అదే కదా. అక్క రెండు పాఠ్యక్రమాలూ ప్రింటు తీసి, తను చదవాలనుకున్న పేపర్ల పక్కన పెన్సిలుతో చుక్కలు పెట్టింది. మేము లెక్కపెట్టాం. ఢిల్లీ కాగితాల మీద తక్కువేం లేవు. కానీ తవ్వకం, నాణేలు, శాసనాలు అన్నచోట పెట్టిన చుక్కలు పెద్దవిగా ఉన్నాయి. బీదర్ కోట గోడ మీద కూర్చున్న పిల్ల ఎటు వెళ్తుందో అప్పటికి అందరికీ అర్థమైంది.

వెంకటేశ్వర సీటు వదులుకున్న రోజు అమ్మ ఏడ్చింది. అది కూడా చెప్పాలి. ఎవరూ ఓడిపోలేదు, ఎవరూ గెలవలేదు అంటే అబద్ధం. అమ్మ ఇంకో రెండేళ్ళు కూతురికి తన చేత్తో అన్నం పెట్టుకునేది, అది పోయింది. రెండేళ్ళ తర్వాత ఎలాగూ పోయేదే కదా అని మేము అంటే, "రెండేళ్ళు తక్కువా?" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆగస్టులో నాన్న, అక్క శివగంగా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళారు. హాస్టల్ వెంటనే దొరకలేదు. మూడు వారాలు లంక అనే పేటలో, విశ్వవిద్యాలయం గేటుకు దగ్గరగా, ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకుని ఉంది. ఆ మూడు వారాల్లో రోజూ రాత్రి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా మా గోల వింటూ ఉండేది. ఢిల్లీలోనే ఉండాల్సిందని అప్పుడు మేమూ అనుకున్నాం. హాస్టల్ దొరికాక ఫోన్లు తగ్గాయి. దసరాకు వచ్చినప్పుడు అరగంట సేపు మెస్‌లో పప్పును తిట్టి, ఆ తర్వాత సారనాథ్ గురించి మాట్లాడుతూనే ఉంది. మెస్ పప్పు గురించి మేము ముందు అడగలేదు. అడగాల్సింది.

మా మాట అందరికీ సరిపోదని తెలుసు. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు ఉన్నా, హాస్టల్ ఖర్చు అసలు భరించలేకపోయినా, ఇల్లు ఉన్న ఊళ్ళోనే చేరడం తప్పదు. కొందరు నాన్నలకు రిటైర్మెంటు దగ్గరపడి, ఇదే చివరి పోస్టింగ్ కావచ్చు. వాళ్ళకు ఇల్లు నిజంగానే కదలదు, కాబట్టి లెక్కలో ఉంచుకోవచ్చు. ఇంకొందరు నాన్నను ఒక్కడినే కొత్త ఊరికి పంపి, అమ్మ పిల్లలతో పాత ఊళ్ళో ఉండిపోయే కుటుంబాలు. మన బడిలోనే అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. అది బోర్డు పరీక్షల ఏడాది కోసం చేస్తే అర్థం చేసుకోగలం. డిగ్రీ నాలుగేళ్ళ కోసం కుటుంబం రెండు ముక్కలు కావడం మాత్రం, పక్క రాష్ట్రంలో అంతే మంచి విశ్వవిద్యాలయం సీటు ఇచ్చినప్పుడు, మాకు సరైనదిగా తోచదు. చివరికి హాస్టల్లో ఉండవలసింది పద్దెనిమిదేళ్ళ పిల్లా, నలభై ఎనిమిదేళ్ళ నాన్నా అని అడిగితే, పిల్లే ఉండగలదు.

నాన్న పోస్టింగ్ కాగితంలో మొదటి చోట సూర్యలంక రాసి ఇచ్చాడు. జవాబు ఇంకా రాలేదు. రాకపోనూ వచ్చు, లేహ్ అని రావచ్చు. నాయనమ్మ మాత్రం ఫోనులో అప్పుడే బాపట్ల నుంచి తెనాలికి ఏ రైలు ఎప్పుడో చెప్పేస్తోంది.

మాలో పెద్దవాళ్ళకు ఏడాదిన్నరలో ఇదే పరీక్ష. భౌతికశాస్త్రం చదవాలని ఉంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అయిదేళ్ళ సమీకృత ఎం.ఎస్సీ. అని ఒక కాగితం, ఢిల్లీది ఒక కాగితం అప్పుడే గోడకు అంటించి ఉన్నాయి. మొన్న నాన్న అటుగా వెళ్తూ ఆగి, కాగితాలు చదివి, "అప్పటికి మనం ఎక్కడుంటామో" అని మొదలుపెట్టి, మా వైపు చూసి ఆపేశాడు. "నా సంగతి వదిలేయండి, ఆ హైదరాబాద్ వాళ్ళ మెస్ ఎలా ఉంటుందో కనుక్కోండి" అన్నాడు.